కాశీ నుండి కన్యాకుమారి దాక: ఏడవ నెంబరు రహదారి

బెంగుళూరున స్థిరపడిన తెలుగు కుటుంబములలో మోటారు నడుపుటయందు మక్కువ గలవారు నలుగురు కూడినచో ఒక ప్రశ్న తప్పక పుట్టును: "ఈ కొసనుండి ఆ కొసదాక నీవు మొట్టమొదట నడిపిన రహదారి ఏది?" పూనా రోడ్డు పేరు చెప్పువారు కొందరు, మద్రాసు రోడ్డు పేరు చెప్పువారు మరికొందరు కలరు. కాని నడివయస్సు దాటినవారిలో పెక్కుమంది చెప్పు పేరు ఒక్కటే; అది 'ఏడవ నెంబరు'. వారణాసిలో మొదలై కన్యాకుమారిలో ముగియుచు, 2,369 కిలోమీటర్ల పొడవుతో, తన కాలమున భారతదేశపు జాతీయ రహదారులన్నిటిలో మిక్కిలి దీర్ఘమైనదిగా పేరొందిన బాట యది. ఆ నెంబరు 2010లో మారిపోయినది, బాట నిలిచియున్నది. దాని చరిత్రమును, మనవారికి దానితో గల సంబంధమును కొంత వివరించుట ఈ వ్యాసోద్దేశము.

నెంబరు రాకముందు

ఈ బాటకు ప్రభుత్వము నెంబరు వేయక పూర్వమే జనులు దీనిని నడచి యుండిరి. "కాశీకి పోయినవాడు కాటికి పోయినవానితో సమానము" అను సామెత మన యిండ్లలో నేటికిని వినబడును. మార్గమందలి వ్యాధులు, దొంగలు, పొంగు నదులు, దాహము ఆ మాటలో ఇమిడియున్నవి. అట్టి దినములలో మద్రాసు సుప్రీముకోర్టున ప్రధాన దుబాసిగా నుండిన ఏనుగుల వీరాస్వామయ్యగారు 1830వ సంవత్సరము మే 18వ తేదీన పరివారసమేతముగ బయలుదేరి, తిరుపతి, కడప, అహోబలము, శ్రీశైలముల మీదుగా హైదరాబాదు చేరి, అచ్చటనుండి నాగపురము, జబలపురము, ప్రయాగల మీదుగా కాశికి పోయిరి. 1831 సెప్టెంబరు 3వ తేదీన మద్రాసునకు మరలి వచ్చిరి. పదునైదున్నర నెలలు పట్టిన ఆ ప్రయాణమున వారు వ్రాసిన దినచర్యయే 'కాశీయాత్ర చరిత్ర'. 1838లో అచ్చయిన ఈ గ్రంథము తెలుగున యాత్రాచరిత్రలకు ఆదిగ్రంథముగ గణింపబడినది.

వీరాస్వామయ్యగారి దృష్టి కేవలము దేవాలయములమీదనే నిలువలేదు. ఏ మజిలీయందు నీళ్ళు మంచివి, ఎచ్చట సరకులు దొరకును, ఏ నదిని ఎట్లు దాటవలెను, దారి యిసుకయా రాయా అను సంగతులను వారు శ్రద్ధతో వ్రాసిరి. నేటి మోటారు యాత్రికుడు తన తోటివానికి చెప్పు విషయములు నీరు, తిండి, దారి, బస అను నాలుగే కదా! ఆ దృష్టితో చూచినచో తెలుగున రహదారి ప్రియులకు వారినే మూలపురుషునిగ చెప్పదగును. హైదరాబాదునకు ఉత్తరమున వారి పల్లకి సాగిన దిక్కుననే తరువాతి కాలమున ఏడవ నెంబరు రహదారి చాలవరకు సాగినది.

ప్రభుత్వపు పని

మోటారు బండ్లు పెరిగిన పిమ్మట రోడ్ల బాధ్యత జిల్లా బోర్డులకు మించిన దయ్యెను. 1927లో జయకర్ గారి యధ్యక్షతన నేర్పడిన సంఘము ఈ విషయమును విచారించెను. దాని సిఫారసును బట్టి 1929లో పెట్రోలు పన్నునుండి కేంద్ర రోడ్డు నిధి యేర్పడినది. 1943లో నాగపురమున చీఫ్ ఇంజనీర్లు సమావేశమై దేశమంతటికి నొక ప్రణాళిక సిద్ధము చేసి, రోడ్లను జాతీయ రహదారులు, రాష్ట్ర రహదారులు, జిల్లా రోడ్లు, గ్రామ రోడ్లుగ విభజించిరి. స్వాతంత్ర్యానంతరము 1956లో జాతీయ రహదారుల చట్టము వచ్చి, 1957 ఏప్రిల్ 15వ తేదీ నుండి అమలయ్యెను. వేర్వేరు కాలములందు వేర్వేరు ప్రభువులు వేసిన ముక్కలు ఈ విధముగ ఒక్క నెంబరు క్రింద కూర్పబడినవి. క్రొత్తగా వేసిన బాట తక్కువ, కలిపిన బాటలు ఎక్కువ. ఈ కలయికయే మనకు ముఖ్యమైన సంగతి. బెంగుళూరునుండి హైదరాబాదు వరకు గల సుమారు 570 కిలోమీటర్ల భాగము దీనికి మంచి తార్కాణము.

మన నగరమునుండి ఉత్తరమునకు

1537లో కెంపేగౌడ నిర్మించిన కోటకు ఉత్తరపు వాకిలి యలహంక వాకిలి. ఆ దిక్కున బళ్ళారి రోడ్డు ప్రక్కన, మేఖ్రి సర్కిలు చెంత, కెంపేగౌడల కాలపు గోపురము నేటికిని నిలిచియున్నది. కెంపేగౌడ విజయనగర ప్రభువులకు సామంతుడు. కావున రాజధానికి పోవు బాట ఆయనకు ఉత్తరపు బాటయే. 'గంగాగౌరీ విలాసము' అను తెలుగు యక్షగానమును ఆయన రచించెనని ప్రసిద్ధి కలదు. కనుక ఈ నగరమున తెలుగు మాట నిన్న మొన్న వచ్చినది కాదు.

ఈ రోడ్డును నగరవాసులు 'బళ్ళారి రోడ్డు' అందురు. బళ్ళారి 1953 వరకు మద్రాసు రాష్ట్రమున జిల్లా కేంద్రముగ నుండెను. ఆ యేడాది అక్టోబరు 1వ తేదీన ఆంధ్రరాష్ట్ర మేర్పడినప్పుడు ఆ పట్టణము మైసూరు రాష్ట్రమున చేరినది. నేడీ రోడ్డున పోవువారిలో బళ్ళారికి పోవువారికంటె అనంతపురమునకు, కర్నూలునకు, హైదరాబాదునకు పోవువారే హెచ్చు. ఐనను పాతపేరు చెరగలేదు. రోడ్డు పేరు ఒకనాటి గమ్యమును జ్ఞప్తియందుంచుకొనును గాని, నేటి గమ్యముతో దానికి పని లేదు.

హెబ్బాళము, యలహంకల మీదుగ దేవనహళ్ళి దాటినంతనే నందికొండలు కానవచ్చును. ఆ ప్రాంతముననే ఉత్తరపినాకిని, అనగా మన పెన్నానది, పుట్టినది. చిక్కబళ్ళాపురము చెంతనే ముద్దేనహళ్ళి గ్రామము కలదు. మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారు జన్మించిన యూరది. వారి పూర్వులు గిద్దలూరు ప్రాంతపు మోక్షగుండమునుండి తరలివచ్చినవారు. ఇంటిపేరే దానికి సాక్ష్యము. 1908 సెప్టెంబరున మూసీనది పొంగి హైదరాబాదును ముంచివేసిన పిదప, అట్టి యుపద్రవము మరల రాకుండ చేయు మార్గము చెప్పుటకై నిజాము ప్రభుత్వము పిలిపించినది వీరినే. ఉస్మాన్‌సాగరు, హిమాయత్‌సాగరులు ఆ యాలోచనకు ఫలములు. తెలుగునాటినుండి దక్షిణమునకు వలసవచ్చిన కుటుంబపు బిడ్డ, తిరిగి ఉత్తరమునకు పోయి ఒక మహానగరమును కాపాడెను. బాట వచ్చుటకే గాక పోవుటకును పనికివచ్చునని చెప్పుట కింతకంటె నిదర్శనము వేరేల?

చిక్కబళ్ళాపురము దాటి బాగేపల్లి వైపు పోవునప్పుడు క్రొత్తగా నడుపువారి కొక వింత తోచును. రాతిమీద లిపి కన్నడము. టీ యంగడిలో మాట తెలుగు. రాష్ట్రపు సరిహద్దు ఇంకను రాలేదు, భాష మాత్రము ముందుగనే యెదురువచ్చినది. చిత్రావతి దాటి కొడికొండ చెక్‌పోస్టు చేరినప్పుడు లిపియును తెలుగగును. ఆ రెండు లిపులును ఒక్క మూలమునుండి పుట్టినవే. బడిలో కన్నడము చదివిన మన పిల్లలు తలకట్టు తేడా నొక్కటి గుర్తుపట్టినచో కొడికొండ యవతలి రాళ్ళను చాలవరకు చదువగలరు. పెక్కు ఇండ్లలో పిల్లలకు తెలుగక్షరములు వచ్చినది ఇట్టి ప్రయాణములందే యని పెద్దలు చెప్పుదురు.

కొడికొండనుండి ప్రక్కదారిని పోయిన లేపాక్షి. అచ్యుతదేవరాయల కాలమున విరూపణ్ణ కట్టించిన వీరభద్రాలయమును, ఏకశిలా నందిని చూడక ముందునకు సాగువారు అరుదు. పిదప పెనుకొండ. 1565లో రక్కసి తంగడి యుద్ధమున విజయనగరము పతనము కాగా, తిరుమలరాయలు రాజధానిగ చేసికొన్నది ఈ కొండకోటనే. పుట్టపర్తి నారాయణాచార్యులవారు బాల్యమున 'పెనుగొండ లక్ష్మి' కావ్యమును వ్రాసి, అనంతరము విద్వాన్ పరీక్షకు దానినే పాఠ్యగ్రంథముగ తామే చదువవలసివచ్చిన ముచ్చట తెలుగువా రెరిగినదే. ఆ కొండ చేరువననే 2019లో కియా కార్ల కర్మాగారము ప్రారంభమైనది. ఒకప్పుడు ఏనుగులు, గుఱ్ఱములు దిగిన చోట నేడు కార్లు పుట్టుచున్నవి.

అనంతపురము, గుత్తి, డోను మీదుగ సాగు భాగము దత్తమండలముల చరిత్రమునకు నడిబొడ్డు. టిప్పునుండి తనకు దక్కిన ఈ సీమలను నిజాము 1800లో కుంపిణీవారికి దత్తము చేసెను. 1800 నుండి 1807 వరకు ఇచ్చట ప్రధాన కలెక్టరుగ నుండి రైతువారీ పద్ధతిని స్థిరపరచిన థామస్ మన్రో, పిదప మద్రాసు గవర్నరై, 1827 జూలై 6వ తేదీన పత్తికొండలో వాంతిభేదిచే మరణించెను. మొదట పాతిపెట్టినది గుత్తిలోనే. 1928లో నంద్యాల సభయందు చిలుకూరి నారాయణరావుగారు సూచించిన 'రాయలసీమ' అను పేరు ఈ దత్తమండలముల కిపుడు స్థిరమైనది.

అనంతపురమునకు, గుత్తికి నడుమ పామిడి. నందికొండల దాపున పుట్టిన పెన్నానది పడమటగ చుట్టు తిరిగి వచ్చి, పామిడిలో రహదారిని అడ్డముగ దాటి తూర్పునకు మరలి, నెల్లూరు సీమలో సముద్రమును చేరును. బెంగుళూరునుండి వచ్చువాడు తనతోపాటు బయలుదేరిన నదిని ఇచ్చట మరల కలిసికొనును.

కర్నూలు పేరే బండ్లబాటకు సంబంధించినది. ఆలంపురపు ఆలయములకు రాళ్ళు తోలు బండ్లవారు తుంగభద్ర దాటుటకు ముందు ఇచ్చట నిలిచి ఇరుసులకు కందెన వేసికొనుచుండిరనియు, అందుచే 'కందెనవోలు', 'కందనవోలు' అను పేరు గలిగినదనియు ఐతిహ్యము. ఆ యాలంపురమున బాదామి చాళుక్యులు కట్టించిన నవబ్రహ్మాలయములు తుంగభద్రకు ఆవలి దరిని నేటికి నున్నవి. బీచుపల్లి యొద్ద కృష్ణ దాటి, కొత్తకోట, జడ్చర్ల, షాద్‌నగరుల మీదుగ పోయినచో హైదరాబాదు.

మూడు ప్రభుత్వముల బాట

నేడు ఒక్క పూటలో దాటు ఈ బాట 1947కు ముందు మూడు ప్రభుత్వముల క్రింద నుండెను: బాగేపల్లి వరకు మైసూరు మహారాజావారిది; అచ్చటినుండి కర్నూలు వరకు ఇంగ్లీషువారి మద్రాసు రాజధాని; తుంగభద్ర దాటగనే నిజాము రాజ్యము. ఆ యొడ్డున సుంకము వేరు, నాణెము వేరు. మాట మాత్రము బాగేపల్లినుండి హైదరాబాదు వరకు, ఆ పైని నిర్మల, ఆదిలాబాదుల వరకు తెలుగే. 1953లో ఆంధ్రరాష్ట్రమునకు రాజధానియైన కర్నూలు, 1956 నవంబరు 1వ తేదీన ఆ గౌరవమును హైదరాబాదునకు అప్పగించెను. 2014 జూన్ 2వ తేదీన తెలంగాణ మేర్పడి తుంగభద్ర మరల సరిహద్దు అయినది. సరిహద్దులు ఇన్నిమారులు మారినను బండ్లు ఆగలేదు.

ఈ బాటను కేవలము బ్రతుకుతెరువునకై వచ్చినవారే నడచిరని తలపరాదు. అనంతపురము జిల్లా రాళ్ళపల్లి గ్రామమున జన్మించిన రాళ్ళపల్లి అనంతకృష్ణశర్మగారు మైసూరు మహారాజా కళాశాలలో సుమారు నాలుగు దశాబ్దములు తెలుగు బోధించిరి. పిదప తిరుపతిలో అన్నమాచార్యుల సంకీర్తనలను స్వరపరచి, తుదకు 1979లో బెంగుళూరుననే పరమపదించిరి. బెంగుళూరునకు దక్షిణమున హోసూరు, కృష్ణగిరి, సేలముల మీదుగ ఇదే రహదారి మధురకు పోవును. విజయనగర సేనలతో దిగి మధురలో రాజ్యమేలిన నాయకరాజులు తెలుగువారే. తిరుమలనాయకుని మహలు నేటికిని అచ్చట దర్శనీయము. హోసూరు సంతలో, మధుర వీధులలో నేడు వినబడు తెలుగు ఆనాటి ప్రయాణముల శేషము.

కొసనుండి కొసదాక

ఏడవ నెంబరును పూర్తిగ నడపినవారి మధ్య ఒక వివాదము కలదు. బెంగుళూరు ఆ రహదారికి కొస కాదు. కన్యాకుమారి సుమారు 700 కిలోమీటర్లు, కాశి సుమారు 1,700 కిలోమీటర్లు. అందుచేత మనవారు పెక్కుమంది దానిని రెండు విడతలుగ నడిపిరి. మొదట సెలవులలో కన్యాకుమారి. కొన్నియేండ్ల పిమ్మట తలిదండ్రుల కోరికపై కాశి. "ఒక్క యాత్రలో పూర్తి చేయనిది కొసనుండి కొసదాక ఎట్లగును?" అని నియమనిష్ఠ గలవారు ఆక్షేపింతురు. "నట్టింట కూర్చున్నవాడు వీధి గుమ్మమునకును పెరటి గుమ్మమునకును వేర్వేరుగ పోవలసినదే గదా" అని తక్కినవారి సమాధానము. ఈ రెండవ మాటయే మన పరిస్థితికి తగినదని నా యభిప్రాయము.

నేనును ఇద్దరు మిత్రులును 1993 జనవరిలో అంబాసిడరు కారున కాశికి పోయితిమి. అప్పటికి రహదారి చాలవరకు రెండు బండ్లు ఎదురుపడి దాటునంత వెడల్పు మాత్రమే. ఎదుటి లారీకి త్రోవ యిచ్చుటకై ఒక ప్రక్క చక్రములను మట్టిలోనికి దింపుట, రేడియేటరు నీళ్ళకై ప్రతి యూర ఆగుట నిత్యకృత్యములు. నిర్మల చేరుటకు ముందు సోన్ వంతెనపై గోదావరి. ఆదిలాబాదు దాటిన పిదప పెన్‌గంగ. నాగపురము గడచిన తరువాత సియోని యడవులు. లఖ్‌నాదౌన్ చేరక మునుపే ఇంజను ఫ్యాను బెల్టు తెగినది. మా వెంట మారు బెల్టు లేదు. గంటన్నర తరువాత దక్షిణమునుండి వచ్చిన లారీ యొకటి ఆగినది. డ్రైవరు తాడిపత్రి వాడు. మా బండి నెంబరు చూచి, "యా ఊరు సార్ మీది? బెంగుళూరా? అట్లయితే మనోళ్ళే" అని దిగి, తన పెట్టెలోని పాత బెల్టులు వెదకి, సరిపోవుదానిని తానే బిగించి, డబ్బు పుచ్చుకొనక వెడలిపోయెను. నాకు జ్ఞప్తి నున్నది అతని 'మనోళ్ళు' అను మాట. బెంగుళూరునందు మమ్ము ఆంధ్రవారని, ఆంధ్రమునందు బెంగుళూరువారని పిలుచుట మాకు వాడుక. ఆ రోడ్డుమీద ఆ రెండును కాక, ఆ బాటవారమని మమ్ము గుర్తించినవాడు అతడే.

తక్కినవారి జ్ఞాపకములు విన్నప్పుడును నాకు తోచినది ఇదియే. ఎవ్వరును వేగమును గూర్చి చెప్పరు. నదులను, నిలిచిన ఊళ్ళను, సాయపడినవారిని గూర్చియే చెప్పుదురు. ముసలివారిని వెంట గొనిపోయినవారికి నదుల లెక్క మరింత ముఖ్యము. మనము పుష్కరములు జరుపుకొను పండ్రెండు నదులలో గంగ, నర్మద, గోదావరి, కృష్ణ, తుంగభద్ర, కావేరి అను ఆరింటిని ఈ యొక్క రహదారియే దాటుచున్నది. కాశి గంగను రామేశ్వరమునకును, సేతువు ఇసుకను కాశికిని గొనిపోవు ఆచారము గలవారికి మధుర వరకు ఇదియే రాజమార్గము. వీరాస్వామయ్యగారికి నెలలు పట్టిన కాశి మాకు ఐదు దినములు పట్టినది.

నెంబరు మారిన పిమ్మట

1998లో ప్రారంభమైన జాతీయ రహదారుల అభివృద్ధి పథకము క్రింద శ్రీనగరమునుండి కన్యాకుమారికి ఉత్తర–దక్షిణ మార్గము ఏర్పడెను. 2010లో దేశమందలి రహదారులన్నిటికి క్రొత్త నెంబర్లు వేసినప్పుడు, లఖ్‌నాదౌనునుండి దక్షిణపు భాగమంతయు నలుబదినాలుగవ నెంబరున కలిసినది. లఖ్‌నాదౌనునుండి కాశి వరకు గల భాగము వేరు నెంబర్ల పాలయ్యెను. ఏడవ నెంబరు నేడు పంజాబునందలి ఫాజిల్కానుండి బదరీనాథము చెంతనున్న మాణా గ్రామమునకు పోవు వేరొక బాటకు చెల్లినది. కనుక కాశి నుండి కన్యాకుమారికి ఒక్క నెంబరుతో పోవు రహదారి ఇపుడు లేదు.

మేలు జరుగలేదని నేననను. నాలుగు వరుసల రోడ్డున తెల్లవారుజామున బెంగుళూరు వదలినవారు సాయంకాలమునకు ముందే హైదరాబాదు చేరుచున్నారు. ఎదురెదురు బండ్ల నడుమ పంక్తి యేర్పడుటచే ప్రాణభయము కొంత తగ్గినది. ఐతే అనంతపురము, గుత్తి వంటి ఊళ్ళను రహదారి వెలుపలనుండి చుట్టిపోవుచున్నది. ఊరిపేరు గల పచ్చపలకను చూతుము, ఊరిని చూడము. 2008 మార్చిలో శంషాబాదు విమానాశ్రయము, మే నెలలో దేవనహళ్ళి విమానాశ్రయము తెరువబడినవి. రెండును ఈ రహదారి ప్రక్కనే యుండుట గమనింపదగినది. బాటకు రెండు కొసల నిలిచి, నడిమి బాటను అనవసరము చేసినవి. పెనుకొండను, పామిడిని, కందనవోలును చూడకయే గంటలో ఎగిరిపోవు తరము పెరుగుచున్నది.

2009 అక్టోబరు మొదటి వారమున తుంగభద్రయు హంద్రియు పొంగి కర్నూలు నగరము నీట మునిగి, రహదారిపై రాకపోకలు స్తంభించినప్పుడు, ఈ నగరమున ఎన్ని తెలుగు ఇండ్లలో ఆ రాత్రి నిద్ర లేకపోయెనో పెద్ద లెరుగుదురు. బంధువులు, భూములు, ఇలవేలుపులు ఆవలి దరిని. ఉద్యోగములు, పిల్లలు ఈవలి దరిని. నడుమ నున్నది ఒక్క రోడ్డు. అది తెగినపుడు గాని దాని విలువ తెలియలేదు.

మన సంఘమువారికి నాది చిన్న విన్నపము. ప్రతి కుటుంబమును తమ పూర్వులు ఏ యూరినుండి, ఏ దారిని, ఏ వాహనమున, ఏ సంవత్సరమున బెంగుళూరు చేరిరో ఒక పుటలో వ్రాసి యుంచవలెను. ఎద్దుబండిపై వచ్చినవారి మాటలు విన్నవారు నేడు కొలదిమందియే మిగిలియున్నారు. రెండవది, పిల్లలను ఒక్కసారియైనను ఈ బాటన మెల్లగ గొనిపోవలెను. అనంతపురమున ఊరిలోనికి దిగి భుజింపుడు. పామిడి వంతెనమీద బండి నాపక, దాటి ప్రక్కన నిలిపి, పెన్నను చూపుడు. కొడికొండ దాటిన పిమ్మట కనబడు మొదటి రాతిని వారిచేతనే చదివింపుడు. తడబడుచు చదివినను ఫరవాలేదు. ఆ రాతిమీది యక్షరములు తమవియని వారికి తెలిసిన చాలును.